మళ్ళీ రాయాలా, వచ్చిన సీటులో చేరాలా?

నేషనల్ లా యూనివర్సిటీల ప్రవేశ పరీక్ష క్లాట్ డిసెంబరులో, రాష్ట్రంలోని లా కాలేజీల ప్రవేశ పరీక్ష లాసెట్ వేసవిలో జరుగుతాయి. రెండు ర్యాంకులూ చేతికొచ్చి, కాలేజీలు తెరవడానికి కొన్ని వారాలే మిగిలిన సమయంలో లా చదవాలనుకున్న పిల్లల ఇళ్ళలో ఒకటే చర్చ నడుస్తుంది: వచ్చిన సీటులో చేరాలా, ఇంకో ఏడాది తీసుకుని మళ్ళీ రాయాలా? ఇందులో ఏ పక్షం వాదనా తీసిపారేయదగ్గది కాదు. అందుకే రెండింటినీ ఇక్కడ ఎదురెదురుగా కూర్చోబెడుతున్నాను.

మాట్లాడుకునేది అక్కాతమ్ముళ్ళు. అక్క జూనియర్ కాలేజీలో సివిక్స్ లెక్చరర్. తమ్ముడు విశాఖ జిల్లా కోర్టులో ప్రాక్టీసు చేస్తున్న అడ్వకేటు. వాళ్ళ చెల్లెలి కూతురు చిట్టి సీఈసీ గ్రూపుతో ఇంటర్ పూర్తి చేసింది. జడ్జి కావాలని ఆ పిల్ల కోరిక. క్లాట్‌లో సబ్బవరంలోని దామోదరం సంజీవయ్య నేషనల్ లా యూనివర్సిటీ స్థానిక కోటా సీటు కొద్దిలో తప్పింది. లాసెట్‌లో మాత్రం మంచి ర్యాంకు వచ్చింది. మళ్ళీ రాయనివ్వమని పెద్దమ్మ, చేరిపొమ్మని మేనమామ.

తమ్ముడు: నా మాట ఒక్కటే అక్కా. లాసెట్ కౌన్సెలింగ్‌లో ఊళ్ళోనే మంచి కాలేజీ వస్తుంది. చేరిపోనీ. ఏడాదిపాటు ఇంట్లో కూర్చోబెట్టి అదే పరీక్ష మళ్ళీ రాయించడం దేనికి? మా వృత్తిలో ఎంత త్వరగా కోర్టు మెట్లెక్కితే అంత మంచిది.

అక్క: పరీక్ష అదే గానీ పరిస్థితి అదే కాదురా. మొదటిసారి ఎప్పుడు రాసింది? ఇంటర్ రెండో ఏడాది సిలబస్ సగంలో ఉండగా. పొద్దున కాలేజీకి వెళ్తే చీకటిపడ్డాక ఇంటికొచ్చేది. మార్చిలో బోర్డు పరీక్షలు నెత్తిమీద ఉన్నాయి. ఒకప్పుడు క్లాట్ చాలా ఏళ్ళు ఇంటర్ పరీక్షలు అయ్యాకే జరిగేది. 2022 డిసెంబరు నుంచి కదా ఇంటర్ మధ్యలోకి వచ్చింది. ఈసారి రాస్తే ఇంటర్ బరువు ఉండదు. జూలై నుంచి నవంబరు దాకా ఐదు నెలలు పూర్తిగా తన చేతిలో ఉంటాయి.

తమ్ముడు: టైము దొరికినంత మాత్రాన మార్కులు పెరుగుతాయా? మన ఊళ్ళల్లో లాంగ్ టర్మ్ అని పిల్లల్ని మళ్ళీ కోచింగులో కూర్చోబెడతారు. వాళ్ళలో ఎందరు నిజంగా పైకొచ్చారో, ఎందరు మొదటి ర్యాంకు దగ్గరే ఆగిపోయారో నాకంటే నీకే బాగా తెలుసు. లెక్చరర్‌వి నువ్వు.

అక్క: తెలుసు. ఆగిపోయిన వాళ్ళని చాలామందినే చూశాను. వాళ్ళందరిలో ఒకటే లోపం: రెండోసారి కూడా మొదటిసారి చదివినట్టే చదివారు. అవే పుస్తకాలు, అవే నోట్సులు, వచ్చిన చాప్టర్లే మళ్ళీ మళ్ళీ. ఏ ప్రశ్నలు ఎందుకు పోయాయో ఎవరూ కూర్చుని చూసుకోలేదు. అందుకే చిట్టి చేత ముందు ఆ పని చేయించాను. తన రెస్పాన్స్ షీటు, ఫైనల్ కీ పక్కపక్కన పెట్టి ప్రతి ప్రశ్నా చూశాం. ఇదిగో లెక్క, చదువు.

తమ్ముడు: ఇంగ్లీషు 24లో 20 రైటు, 4 తప్పు. కరెంట్ అఫైర్స్, జీకే 30లో 14 రైటు, 16 తప్పు. లీగల్ రీజనింగ్ 30లో 22 రైటు, 5 తప్పు, 3 వదిలేసింది. లాజికల్ 24లో 14 రైటు, 6 తప్పు, 4 వదిలేసింది. లెక్కలు 12లో 4 రైటు, 2 తప్పు, 6 వదిలేసింది. మొత్తం 120లో 74 రైటు, 33 తప్పు. తప్పుకి పావు మార్కు కోత కాబట్టి ఎనిమిదింపావు పోయి 65.75 మిగిలాయి.

అక్క: ఇప్పుడు చెప్పు, ఇందులో చదువు రాక పోయినవెన్ని? లెక్కల్లో అడిగేది పదో తరగతి స్థాయే: శాతాలు, నిష్పత్తులు, సగటులు, ఒక పట్టికో గ్రాఫో ఇచ్చి దాని మీద ప్రశ్నలు. సీఈసీలో లెక్కలు లేవు. రెండేళ్ళుగా ఆ పిల్ల పెన్సిలు పట్టి ఒక లెక్క చెయ్యలేదు. లెక్కలంటే భయపడి ఆఖరికి పెట్టుకుంది, అక్కడికొచ్చేసరికి టైము అయిపోయింది. రోజుకి అరగంట చొప్పున నాలుగు నెలలు చేస్తే ఇది పోయే బెరుకే. జీకే చూడు. ముప్ఫయ్యీ పెట్టేసింది, పదహారు తప్పు. తెలియనివి వదిలేస్తే కనీసం కోతైనా తగ్గేది.

తమ్ముడు: సరే, లోపాలు కనిపిస్తున్నాయి. నా ప్రశ్న వేరు. మాక్ టెస్టుల్లో ఎంతొచ్చేది?

అక్క: ఆఖరి పదింటిలో 62 నుంచి 71 దాకా.

తమ్ముడు: చూశావా మరి! అసలు పరీక్షలో 65.75 వచ్చింది. అంటే ఆ రోజు చిట్టికి ఏ దురదృష్టమూ ఎదురుకాలేదు. జ్వరం రాలేదు, పేపరు చూసి బెదిరిపోలేదు. తన స్థాయి ఎంతో అంతే వచ్చింది. మాక్‌లలో 80 వచ్చే పిల్ల అసలు పరీక్షలో 65 తెచ్చుకుంటే మళ్ళీ రాయమని నేనే అంటాను. ఎందుకంటే ఆ 80 ఆ పిల్లలో ఉంది, ఆ రోజు బయటికి రాలేదంతే. ఇక్కడ అలా లేదు. ఉన్నదే వచ్చింది.

అక్క: ఆ మాట ఒప్పుకుంటాను. మళ్ళీ రాస్తే దానంతటదే పెరుగుతుందని నేను అనట్లేదు. పెరగాలంటే తను మారాలి. ఏం మారాలో ఈ కాగితం చెబుతోంది. లెక్కల్లో నాలుగు తొమ్మిదైతే, జీకేలో పద్నాలుగు ఇరవై అయితే, లాజికల్‌లో పద్నాలుగు పద్దెనిమిదైతే, పదిహేను రైటు పెరుగుతాయి. తప్పులూ తగ్గుతాయి కాబట్టి కోతా తగ్గుతుంది. మొత్తం 83 వస్తాయి.

తమ్ముడు: అనుకున్న మూడూ అనుకున్నట్టే జరిగితే ఆ 83. ఏ పరీక్షకైనా అలా లెక్క కట్టకూడదక్కా. నేను ఏ క్లయింటుకీ కేసు మొత్తం మన పక్కనే వస్తుందని చెప్పను. సగం పాయింట్లు నిలబడితే ఏమవుతుందో చూసి సలహా ఇస్తాను. ఇక్కడా సగమే కట్టు. 74 వస్తాయి.

అక్క: 74 వస్తే సబ్బవరం స్థానిక కోటాలో సీటు దొరికే అవకాశం గట్టిగానే ఉంది కదా. కొద్దిలోనే కదా తప్పింది.

తమ్ముడు: అవకాశం ఉందనే అందాం. కానీ మార్కుతో సీటు లెక్క కట్టడం ఇక్కడ చాలామంది చేసే పొరపాటు. పేపరు తేలికైన ఏడు 74కి వచ్చే ర్యాంకు వేరు, కష్టమైన ఏడు వేరు. 2020 నుంచి పేపరంతా పాసేజీలు చదివి జవాబులిచ్చే పద్ధతికి మారింది. ఆ తర్వాత 150 ప్రశ్నల పేపరు 2023 డిసెంబరు నుంచి 120కి తగ్గింది. పాత ఏళ్ళ మార్కులు పట్టుకుని ఇప్పటి సీటు అంచనా వేస్తే తప్పుతుంది. చూడాల్సింది ముగింపు ర్యాంకులు. అవీ ఒక్క ఏడాదివి కాదు, మూడేళ్ళవి. మొదటి లిస్టువి కాదు, ఆఖరి రౌండువి. కౌన్సెలింగులో వచ్చిన సీటు ఉంచుకోవడం (ఫ్రీజ్), ఇంకా పై సీటు కోసం ఆగడం (ఫ్లోట్), తప్పుకోవడం (ఎగ్జిట్) అని ఉంటాయి కదా. పైవాళ్ళు వేరే కాలేజీకి జరిగేకొద్దీ, ఐలెట్ అనే వేరే పరీక్ష రాసి ఢిల్లీ నేషనల్ లా యూనివర్సిటీకి (ఎన్‌ఎల్‌యూకి) వెళ్ళేవాళ్ళు వెళ్ళిపోయేకొద్దీ, కింద సీట్లు ఖాళీ అవుతాయి. మొదటి లిస్టు చూసి ఏడ్చినవాళ్ళలో కొందరికి ఆఖరి లిస్టులో సీటొస్తుంది.

అక్క: కేటగిరీ కూడా చూడాలి. మా కాలేజీలో పిల్లలు టాపర్ల ఇంటర్వ్యూలు చూసి, ఓపెన్ కేటగిరీ ర్యాంకుతో తమ ర్యాంకుని పోల్చుకుని దిగులుపడుతుంటారు. ఎస్సీ, ఎస్టీ, బీసీ, ఈడబ్ల్యూఎస్, వికలాంగుల కోటా, రాష్ట్ర స్థానిక కోటా, కొన్నిచోట్ల ఆడపిల్లలకి సమాంతర కోటా, ఒక్కోదానికి ఒక్కో ముగింపు ర్యాంకు. తనకు వర్తించే గడి ఏదో చూసుకోకుండా అవకాశం ఉందనీ లేదనీ ఎలా అంటారు?

తమ్ముడు: స్థానిక కోటా మాటొచ్చింది కాబట్టి హైదరాబాదు లా యూనివర్సిటీ నల్సార్ సంగతీ తేల్చుకుందాం. చిట్టి పుస్తకం అట్ట మీద నల్సార్ అని రాసుకుంది, చూశావా? 1998లో పెట్టినప్పుడు అది ఉమ్మడి రాష్ట్రానిది. ఇప్పుడు అక్కడి స్థానిక కోటా తెలంగాణ వాళ్ళకి. మన ఆంధ్రా పిల్ల అఖిల భారత సీటుకే పోటీ పడాలి. ఓపెన్‌లో బెంగుళూరు నేషనల్ లా స్కూలు, నల్సార్ రెండూ దాదాపు మొదటి రెండు వందల ర్యాంకుల లోపే నిండిపోతాయి. నువ్వన్న 83 వచ్చినా అది ఆ రెండు వందల్లో పడుతుందని ఎవరూ హామీ ఇవ్వలేరు. కాబట్టి ఒక్కటి అడుగుతాను. మళ్ళీ రాసేది నల్సార్ కోసమా, సబ్బవరం కోసమా?

అక్క: మంచి ప్రశ్నే. చిట్టికి నల్సారే కావాలి. నా లెక్కలో దొరికేది సబ్బవరం.

తమ్ముడు: మరి సబ్బవరమే దొరికితే ఆ పిల్లకి తృప్తిగా ఉంటుందా? లేక డిసెంబరు దాకా కష్టపడి, మళ్ళీ ఓడిపోయానని ఏడుస్తుందా? ఏ సీటు వస్తే గెలిచినట్టో ముందే రాసిపెట్టుకోకపోతే, పెరిగిన మార్కు కూడా ఓటమిలాగే కనిపిస్తుంది.

అక్క: అది తనతోనే చెప్పించాలి. కానీ నువ్వూ ఒక మాట చెప్పు. ఎన్‌ఎల్‌యూకీ మామూలు లా కాలేజీకీ తేడా లేదంటావా?

తమ్ముడు: లేదనను. కానీ జనం అనుకున్నంత లేదంటాను. నూతలపాటి వెంకటరమణ గారు నాగార్జున యూనివర్సిటీలో లా చదివారు. 1983లో అడ్వకేటుగా ఎన్‌రోల్ అయ్యారు, 2021లో భారత ప్రధాన న్యాయమూర్తి అయ్యారు. సుప్రీంకోర్టు న్యాయమూర్తిగా చేసిన బి. సుదర్శన్ రెడ్డి గారు ఉస్మానియాలో చదివారు. వీళ్ళని కాలేజీ పేరు ఆపిందా?

అక్క: ఆ వాదన నిలవదురా. వాళ్ళు చదివేనాటికి నేషనల్ లా యూనివర్సిటీ అన్నదే లేదు. బెంగుళూరు నేషనల్ లా స్కూలుకి కర్ణాటక చట్టం చేసింది 1986లో. మాధవ మీనన్ గారి ఆధ్వర్యంలో మొదటి బ్యాచి ఆ తర్వాత మొదలైంది. అంతకుముందు అందరూ యూనివర్సిటీ కాలేజీల్లోనే చదివారు, అందులో గొప్పవాళ్ళు పైకొచ్చారు. ఇప్పుడు పందెం మారింది. పెద్ద లా ఫర్మ్‌లు మనుషుల్ని తీసుకోవడానికి ముందు వెళ్ళేది ఎన్‌ఎల్‌యూ క్యాంపస్‌లకే. అక్కడ మూట్ కోర్టులు, ఇంటర్న్‌షిప్‌లు, దేశం నలుమూలల నుంచి వచ్చిన తోటి పిల్లలు. ఇంట్లో ఒక్క లాయరు కూడా లేని పిల్లకి ఆ కాలేజీ పేరే సిఫారసు. అది లేకపోతే ఢిల్లీలో ఏ సీనియర్ ఆఫీసు తలుపు తడుతుంది?

తమ్ముడు: ఒప్పుకున్నాను. పేరు లేని ఇంటి పిల్లలకి ఆ పేరు అవసరమే. కానీ చిట్టికి నేనున్నాను కదా. మొదటి ఏడాది నుంచే నా ఆఫీసులో కూర్చోబెడతాను. వకాలత్ ఎలా వేస్తారు, ప్లెయింటు ఎలా రాస్తారు, సాక్షిని క్రాస్ ఎలా చేస్తారు, అన్నీ కళ్ళతో చూస్తుంది. పైగా తను కావాలనుకుంటున్నది కార్పొరేట్ లాయరు కాదు, జడ్జి. జూనియర్ సివిల్ జడ్జి పరీక్షలో నువ్వే కాలేజీలో చదివావని ఎవరూ అడగరు. చట్టం ఎంత తెలుసు, తీర్పు ఎంత బాగా రాస్తావు, అంతే.

అక్క: ఎప్పుడూ మేనమామ నీడలోనే పెరగాలా ఆ పిల్ల?

తమ్ముడు: నీడ అనకు అక్కా. మొదటి మెట్టు అందిస్తానంటున్నానంతే. ఇంకొకటుంది. 2025 మే 20న సుప్రీంకోర్టు, జడ్జి పరీక్ష రాయాలంటే మూడేళ్ళ ప్రాక్టీసు ఉండాలన్న నిబంధన మళ్ళీ పెట్టింది. అంటే ఐదేళ్ళ చదువు, ఎన్‌రోల్‌మెంటు, ఆల్ ఇండియా బార్ పరీక్ష, మూడేళ్ళ ప్రాక్టీసు. ఇంత దారి ఉంది. దానికి ముందే ఒక ఏడాది కలపాలా?

అక్క: అంత పొడవైన దారి కాబట్టే ఒక ఏడాది పెద్ద లెక్క కాదంటాను. ముప్ఫై ఏళ్ళు చేసే పనికి పునాది సరిగ్గా వేసుకోవడానికి ఐదు నెలలు అడుగుతున్నాను. క్లాట్‌కి వయోపరిమితి లేదు. అంతకుముందు ఎన్నిసార్లు రాశావని యూనివర్సిటీలు అడగవు. ఆ ఏటి మార్కే ఆ ఏటికి లెక్క. అమెరికాలో ఎల్‌శాట్ రాసేవాళ్ళకి పాత స్కోర్లు కూడా లా స్కూళ్ళకి కనబడతాయి. అక్కడ డిగ్రీ మార్కులు, వ్యాసాలు, సిఫారసు లేఖలు కూడా తూకంలో ఉంటాయి. ఇక్కడ ఒక్క పరీక్షే. రెండోసారి రాసినందుకు మచ్చ పడదు.

తమ్ముడు: కాగితం మీద పడదు. మనసు మీద పడుతుంది. ఫ్రెండ్సందరూ కాలేజీల్లో ఫోటోలు పెడుతుంటారు. పెళ్ళికెళ్తే "ఇంకా ఖాళీయేనా అమ్మా?" అని అడుగుతారు. నవంబరు వచ్చేసరికి ఆ పిల్ల కరెంట్ అఫైర్స్ పుస్తకం ముందు కూర్చుని తనని తానే అనుమానించుకుంటుంది. ఆ బాధ ఏ మార్కుల లిస్టులోనూ కనబడదు.

అక్క: అది నిజం. నిరుడు మా కాలేజీ పిల్లవాడొకడు రెండోసారి రాస్తూ అక్టోబరులో అన్నం మానేశాడు. వాళ్ళమ్మ నాకు ఫోన్ చేసి ఏడ్చింది. ఆ భయం నాకూ ఉంది. అందుకే ఖాళీగా కూర్చోబెట్టమని నేను అనట్లేదు. లాసెట్ సీటు వదలొద్దు. చేరి చదువుతూనే డిసెంబరులో రాయనీ.

తమ్ముడు: చేరి రాయడం వినడానికి బాగానే ఉంటుంది. బార్ కౌన్సిల్ నిబంధనల ప్రకారం డెబ్భై శాతం హాజరు ఉండాలి. ఇంటర్నల్స్ ఉంటాయి. రెండు పడవల మీద కాళ్ళు పెట్టినట్టవుతుంది.

అక్క: క్లాసులు మొదలయ్యేసరికి ఎటూ ఆలస్యమవుతుంది. ఆ లోపు దొరికే వారాలు పూర్తిగా లెక్కలకీ లాజికల్‌కీ. తర్వాత పొద్దున రెండు గంటలు, రాత్రి గంట. ఐదేళ్ళ కోర్సు మొదటి ఏడాదిలో రాజనీతి శాస్త్రం, ఎకనామిక్స్, ఇంగ్లీషు ఎలాగూ ఉంటాయి. పేపరు చదవడం అలవాటైతే అవన్నీ క్లాట్‌కి పనికొస్తాయి. లీగల్ రీజనింగులో ముందస్తు చట్ట జ్ఞానం అడగరు. సూత్రం పాసేజీలోనే ఇస్తారు, దాన్ని కొత్త సంఘటనకి వర్తింపజేయాలి. అది లా క్లాసులో కూర్చున్న పిల్లకి మరింత తేలికవుతుంది.

తమ్ముడు: చేరేముందు కాలేజీ ఆఫీసులో రెండు విషయాలు అడిగి తెలుసుకోవాలి. మధ్యలో మానేస్తే టీసీ, ఒరిజినల్ సర్టిఫికెట్లు ఎప్పుడిస్తారు? కట్టిన ఫీజులో ఎంత తిరిగొస్తుంది? ఇవి తెలుసుకోకుండా చేరి, సబ్బవరం సీటొచ్చాక సర్టిఫికెట్ల కోసం తిరగడం వద్దు. ఇంకోటి, డబ్బు. ఎన్‌ఎల్‌యూలో ఫీజు, హాస్టలు కలిపితే ఏడాదికి లక్షల్లోనే. చెల్లెలి ఇంట్లో అప్పు చెయ్యకుండా కుదరదు. జడ్జి కావాలనుకునే పిల్ల మొదటి మూడేళ్ళు జూనియర్‌గా ఎంత సంపాదిస్తుందో నాకు తెలుసు. ఆ అప్పు ఎవరు తీరుస్తారు? ఆఖరికి అప్పు తీర్చడానికి ఇష్టం లేని కార్పొరేట్ ఉద్యోగంలో చేరితే తన కోరిక ఏమయినట్టు?

అక్క: ఈ కోణం నేను ఆలోచించలేదురా. బ్యాంకు లోను, స్కాలర్‌షిప్‌లు, ఫీజు రాయితీలు, అన్నీ సీటు రాకముందే కూర్చుని లెక్కేయాలి. సీటొచ్చాక వేస్తే ఆ సంబరంలో సంతకం పెట్టేస్తాం.

తమ్ముడు: మరో సంగతి మర్చిపోకు. ఎన్‌ఎల్‌యూ తలుపు పదిహేడేళ్ళ వయసులో ఒక్కసారే తెరుచుకుని మూసుకుపోదు. ఎల్‌ఎల్‌బీ అయ్యాక క్లాట్ పీజీ రాసి ఎల్‌ఎల్‌ఎం అక్కడే చెయ్యొచ్చు. ఏ డిగ్రీ అయినా చదివాక మూడేళ్ళ ఎల్‌ఎల్‌బీలో చేరే దారీ ఉంది. పిల్లలకి ఈ డిసెంబరు పోతే జీవితం పోయిందని చెప్పడం పాపం.

అక్క: నా క్లాసు పిల్లలకి కూడా ఇదే చెబుతాను. అందులోనూ తెలుగు మీడియం నుంచి వచ్చిన పిల్లలకి. లాసెట్ ప్రశ్నలు తెలుగులోనూ ఉంటాయి, తొంభై నిమిషాల్లో 120 ప్రశ్నలు, తప్పుకి కోత లేదు. క్లాట్ మాత్రం పూర్తిగా ఇంగ్లీషే. సుమారు నాలుగు వందల యాభై పదాల పాసేజీలు ఒకదాని తర్వాత ఒకటి రెండు గంటల్లో చదవాలి. అలాంటి పిల్లకి మొదటిసారి తక్కువ మార్కులొస్తే అందులో బుద్ధి లోపం ఏమీ లేదు, చదివే వేగం లేదంతే. అది నెలల తరబడి రోజూ చదివితే వస్తుంది. ఇంగ్లీషు పాసేజీ దగ్గరే ఆగిపోయిన పిల్లకి రెండో ప్రయత్నం నిజంగా మేలు చేస్తుంది. షమ్నాద్ బషీర్ గారు 2010లో ఐడియా అనే సంస్థ మొదలుపెట్టింది ఇలాంటి పిల్లల్ని లా యూనివర్సిటీలకి చేర్చడానికే. ఆయన 2019లో పోయారు. అటువంటి చెయ్యి అందితే వదులుకోకూడదు.

తమ్ముడు: అక్కడ నీతో పూర్తిగా ఏకీభవిస్తాను. చిట్టి సంగతికొస్తే, ర్యాంకుని మనిషి విలువగా చూడొద్దని మాత్రం గట్టిగా చెప్పాలి. 2024 డిసెంబరు 1న జరిగిన పరీక్షే చూడు. ఆన్సర్ కీలో తప్పులున్నాయని విద్యార్థులు ఢిల్లీ హైకోర్టుకి వెళ్ళారు. డిసెంబరులో సింగిల్ జడ్జి, ఏప్రిల్‌లో డివిజన్ బెంచ్, మే నెలలో సుప్రీంకోర్టు. చివరికి మెరిట్ జాబితా మళ్ళీ తయారయింది. కొన్ని ప్రశ్నల కీ మారితే ర్యాంకులు మారిపోయాయి. మార్కులు సమానమైతే లీగల్ రీజనింగులో ఎక్కువ వచ్చినవాళ్ళు ముందు, అక్కడా సమానమైతే వయసులో పెద్దవాళ్ళు ముందు, అప్పటికీ తేలకపోతే లాటరీ. ఇంత సన్నని తేడాలతో వచ్చే అంకెని పట్టుకుని "నేనింతే" అనుకోకూడదు.

అక్క: అంకెని పట్టుకుని "నేనింతే" అనుకోకూడదు గనకే, ఇంకోసారి రాయనివ్వమంటున్నాను.

తమ్ముడు: రాయనీ. ఒక్కసారే. మూడోసారి మాట ఎత్తకూడదు. అక్టోబరు ఆఖరుకి ఐదు మాక్‌లు వరసగా 75 దాటకపోతే, క్లాట్ పక్కన పెట్టి చేరిన కాలేజీలోనే మనసు పెట్టి చదవాలి. ఈ మాట ఇప్పుడే కాగితం మీద రాసుకోవాలి, నవంబరులో కాదు.

అక్క: ఒప్పుకున్నాను. నాదీ ఒక షరతు. ఆ కాగితం మీద నువ్వూ నేనూ రాయకూడదు. చిట్టి రాయాలి. నీకోసం చేరడం, నాకోసం మళ్ళీ రాయడం, రెండూ తప్పే. రేపు ఓడిపోయినా గెలిచినా ఆ నిర్ణయం తనదని తనకి తెలియాలి.

తమ్ముడు: అయితే కాలేజీలో చేరుతుంది, డిసెంబరులోనూ రాస్తుంది. నల్సార్ విషయంలో మాత్రం నా అభిప్రాయం మారదక్కా. జడ్జి కావడానికి అది అక్కర్లేదు.

అక్క: నాదీ మారదు. ఒక ఆడపిల్ల ఊరు దాటి, దేశంలో మంచి పిల్లలందరి మధ్యా కూర్చుని చదవడం ఏ ఉద్యోగంతోనూ కొలవలేని లాభం.

వాళ్ళిద్దరూ ఆ ఒక్క విషయంలో ఏకాభిప్రాయానికి రాలేదు. రానక్కర్లేదు కూడా. పెద్ద కాలేజీ పేరు విలువెంత అన్న ప్రశ్నకి ఒక్కో ఇంటికీ ఒక్కో జవాబు ఉంటుంది. ఆ ఇంట్లో లాయరున్నాడా, అప్పు మోయగలదా, పిల్ల కోరుకున్నది కోర్టా కంపెనీయా అన్నదాన్ని బట్టి అది మారుతుంది. మళ్ళీ రాయాలా వద్దా అన్న ప్రశ్నకి మాత్రం అందరికీ వర్తించే కొలత ఒకటుంది, అది ఈ సంవాదంలోనే ఉంది. ర్యాంకు చూసి నిర్ణయించకండి. పోయిన ప్రశ్నల జాబితా చూసి నిర్ణయించండి. పరీక్ష మార్కు మాక్‌ల సగటు కంటే బాగా తక్కువైతే మళ్ళీ రాయడానికి గట్టి కారణం ఉంది. రెండూ సమానమైతే, ఈసారి ఏది వేరుగా చేస్తారో, దానివల్ల ఏ ప్రశ్నలు తిరిగొస్తాయో పేరుపేరునా రాయండి. రాయగలిగితే, ఆశించినదాంట్లో సగమే కట్టి, ఆ సగానికి దొరికే సీటు మీకు చాలనుకుంటే, చేతిలో సీటు ఉంచుకుని ఒక్కసారి రాయండి. రాయలేకపోతే వచ్చిన కాలేజీలో చేరండి. అక్కడా అదే రాజ్యాంగం, అవే చట్టాలు చెబుతారు.

తల్లిదండ్రులకి ఒక విన్నపం. ఈ లెక్క పిల్లల పక్కన కూర్చుని వెయ్యండి, పిల్లల తరఫున వెయ్యకండి. ఐదేళ్ళు క్లాసులో కూర్చునేదీ, ఆ తర్వాత నల్లకోటు వేసుకుని కోర్టులో నిలబడేదీ వాళ్ళే. కాబట్టి ఆఖరి మాట వాళ్ళదే కావాలి.